కుకీల మీద పిల్లల పేర్లు తెలుగులో రాస్తున్నా: ఐసింగ్ ఆరట్లేదు, వొత్తులు కలిసిపోతున్నాయి

నిజాంపేట_నీలు

12న బడి తెరుస్తున్నారు, మా పాప ఒకటో తరగతి. మొదటి రోజు క్లాసులో అందరికీ వాళ్ళ వాళ్ళ పేర్లు రాసిన షుగర్ కుకీలు ఇవ్వాలని నా కోరిక. 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఆయమ్మ. పలక ఆకారంలో కోసి, పైన నల్లటి రాయల్ ఐసింగ్ (ఆరాక గట్టిపడే చక్కెర పూత) పోసి, చుట్టూ చెక్క ఫ్రేములా గోధుమరంగు గీత గీసి, మధ్యలో తెల్ల ఐసింగ్‌తో పేరు. పేరు తెలుగులోనే ఉండాలి. తమ పేరుని తెలుగులో గుర్తుపట్టడం ఆ పిల్లలకి ఇప్పుడే కదా మొదలయ్యేది.

సమస్యలు రెండు. మే నెలాఖరులో శాంపిల్ చేస్తే పొద్దున పోసిన ఐసింగ్ సాయంత్రానికి గోటితో కొడితే టక్‌మంది. వానలు మొదలయ్యాక అవే కొలతలతో చేస్తే రాత్రంతా ఆరబెట్టినా వేలు దిగిపోతోంది, నలుపు తెల్ల అక్షరాల్లోకి పాకి బూడిదరంగు అంచు కడుతోంది. రెండోది రాత. 'సాన్వి' పర్వాలేదు. 'శ్రీనిధి'లో క్రావడి (ర వొత్తు) శకి అతుక్కుని ముద్దయింది. 'విఘ్నేశ్'లో న వొత్తు అసలు కనిపించలేదు. పచ్చి తెల్లసొన బదులు మెరింగ్ పౌడర్ వాడుతున్నాను, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, ఇంట్లో ఒక్క బెడ్‌రూములోనే ఏసీ. తెలుగులో ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఓటీజీ_రాణి

మృగశిర కార్తె వచ్చింది కదా నీలూ, అదే కారణం. రాయల్ ఐసింగ్ ఆరడమంటే అందులోని నీళ్ళు గాల్లోకి పోవడమే. గాల్లోనే తేమ నిండి ఉంటే ఆ నీళ్ళు ఎటు పోతాయి? పైగా చక్కెర తేమని లాక్కునే సరుకు. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో చేసిన శాంపిల్‌ని నమ్ముకుని జూన్‌లో చేయడానికి లేదు.

ఆ ఏసీ బెడ్‌రూమే నీ ఐసింగ్ గది. 24లో పెట్టి తలుపు వేసెయ్, టేబుల్ ఫ్యాన్ నెమ్మదిగా కుకీల మీదకే తిప్పు. పోసిన మొదటి అరగంటే కీలకం, పైపొర తొందరగా గట్టిపడితే మెరుపు నిలబడుతుంది, మధ్యలో గుంటలు పడవు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు కారతాయి.

కూకట్‌పల్లి_కిచెన్

ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెడితే అయిపోతుంది కదా, ఏసీ అంతసేపు ఎందుకు?

ఓటీజీ_రాణి

ఓటీజీలో తక్కువ వేడి అంటేనే 60, 70 దాకా పోతుంది. కుకీలో వెన్న ఉంది. 35 దగ్గరే వెన్న కరగడం మొదలవుతుంది, అది పైకి వచ్చి ఐసింగ్ మీద నూనె మరకల్లా తేలుతుంది. కుకీలు పూర్తిగా చల్లారకముందే ఐసింగ్ పోసినా అదే మరక. కాల్చిన మర్నాడు పోయడం మేలు.

మైదా_మాలతి

నేను వేరేలా ఆలోచిస్తాను. నల్ల ఐసింగ్ అసలు ఎందుకు? నలుపు రావాలంటే బోలెడు రంగు కలపాలి, రంగు ఎక్కువైన కొద్దీ ఐసింగ్ ఆరడం ఆలస్యం, పాకడం ఎక్కువ, పిల్లల నాలుకలు, యూనిఫాం కాలర్లు అన్నీ నలుపే. పలకే నల్లగా ఉండేలా బిస్కెట్ కాల్చండి. కోకో కుకీ చేసి దాని మీద నేరుగా తెల్ల ఐసింగ్‌తో పేరు రాయండి. కింద తడి ఐసింగ్ ఉండదు కాబట్టి పాకేది ఏమీ లేదు. అక్షరాలు మాత్రమే ఆరాలి, అవి సన్నగా ఉంటాయి కాబట్టి వానల్లో కూడా ఏసీ గదిలో రెండు మూడు గంటల్లో అయిపోతాయి.

నా కొలతలు: ఉప్పులేని వెన్న 225 గ్రాములు, పంచదార పొడి 180, గుడ్డు ఒకటి, మైదా 330, కోకో 60, వెనిలా, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ వేయకండి, వేస్తే అంచులు ఉబ్బి పలక కాస్తా దిండవుతుంది. మామూలు కోకోతో ముదురు గోధుమరంగు వస్తుంది. నిజంగా పలక రంగు కావాలంటే సగం కోకో తీసేసి బ్లాక్ కోకో వేయాలి, అది కొంచెం ఖరీదే. పిండిని రెండు బటర్ పేపర్ల మధ్య 6 మిల్లీమీటర్ల మందాన పరిచి, కోశాక ట్రేతో సహా పావుగంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, 175లో 10 నుంచి 12 నిమిషాలు. కోకో కుకీ కాలిందో లేదో రంగుని బట్టి తెలియదు, అంచు మీద వేలితో నొక్కితే దిగకూడదు.

నిజాంపేట_నీలు

మాలతిగారూ, ఇది నాకు తట్టనే లేదు! ఫ్రేము సంగతేంటి మరి?

మైదా_మాలతి

ఫ్రేము గీత ఒక్కటి గోధుమరంగు ఐసింగ్‌తో గీయండి, లోపల నింపొద్దు. లేదా మామూలు వెనిలా పిండితో సన్న పట్టీలు కోసి, కాల్చకముందే కోకో ముక్క చుట్టూ అంటించండి. రెండూ కలిసి కాలతాయి. అచ్చం చెక్క ఫ్రేములాగే ఉంటుంది.

చార్మినార్_చాయ్

చిన్నప్పుడు పలక విరిగితే ఇంట్లో వీపు మోగేది. ఈ తరం పలక విరిచి చాయ్‌లో ముంచుకుని తింటారన్నమాట, అదృష్టవంతులు.

మల్కాజ్‌గిరి_మామ

మెరింగ్ పౌడర్ అన్నారు కాబట్టి సరే, పచ్చి గుడ్డు తెల్లసొనతో మాత్రం చేయకండి అమ్మా. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ మీద మన తెలంగాణలో 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధం పెట్టారు, గుర్తుందా? ఆ భయం రాయల్ ఐసింగ్‌కీ వర్తిస్తుంది. ఐసింగ్‌ని ఎవరూ ఉడికించరు, కాల్చరు. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే అది నేరుగా పిల్లల కడుపులోకే.

కూకట్‌పల్లి_కిచెన్

మా ఇంట్లో మా అక్క తెల్లసొనతోనే చేస్తుంది, ఎవరికీ ఏమీ కాలేదు. అంత చక్కెరలో సూక్ష్మజీవి బతకదంటారు.

ఫుడ్‌టెక్_తార్నాక

చక్కెర ఎక్కువుంటే సూక్ష్మజీవులు పెరగవు, నిజమే. పెరగకపోవడం వేరు, చావడం వేరు. సాల్మొనెల్లా పొడి, తీపి పదార్థాల్లో కూడా చాలా రోజులు బతికి ఉండగలదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు తినేదానికి మీ ఇష్టం. ఆరేళ్ళ పిల్లలు 34 మందికి పెట్టేటప్పుడు పాశ్చరైజ్ చేసిన తెల్లసొన గానీ మెరింగ్ పౌడర్ గానీ వాడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంకొకటి. మెరింగ్ పౌడర్ శాకాహారం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఎండబెట్టిన తెల్లసొన పొడే. డబ్బా మీద గుర్తు చూడండి. క్లాసులో గుడ్డు తినని ఇళ్ళ పిల్లలు తప్పకుండా ఉంటారు, తెలియక తినిపిస్తే ఆ తల్లిదండ్రులు ఎంత బాధపడతారో ఆలోచించండి.

నిజాంపేట_నీలు

క్లాస్ గ్రూపులో అడిగాను, ఎనిమిది మంది గుడ్డు తినరు. వాళ్ళకి వేరేగా చేస్తే పిల్లలు తేడా కనిపెట్టేస్తారు. అందరికీ గుడ్డు లేకుండానే చేయడం కుదురుతుందా?

అత్తాపూర్_అత్త

కుదురుతుంది. మా ఇంట్లో గుడ్డు రాదు, నేను ఎప్పుడూ కాబూలీ సెనగల నీళ్ళతోనే చేస్తాను. రాత్రి నానబెట్టి, ఉప్పు వేయకుండా కుక్కర్లో ఉడికించి, ఆ నీటిని వడకట్టి, జిగురుగా అయ్యేదాకా సన్న మంట మీద ఇగరబెట్టాలి. చల్లారాక తెల్లసొనలాగే ఉంటుంది. రెండు పెద్ద చెంచాలు ఒక తెల్లసొనకి సమానం. నాలుగు నిమ్మచుక్కలు వేసి బీటర్‌తో నురుగు తెప్పించి, ఐసింగ్ షుగర్ కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. సెనగల వాసన ఉంటుందేమోనని భయం వద్దు, వెనిలా వేస్తే ఎవరూ కనిపెట్టలేరు. ఆరడానికి మాత్రం మెరింగ్ పౌడర్ ఐసింగ్ కంటే ఎక్కువ టైం తీసుకుంటుంది. మాలతి చెప్పినట్టు అక్షరాలు మాత్రమే రాస్తే ఇబ్బంది లేదు. బిస్కెట్‌లో గుడ్డు బదులు పాలు మూడు చెంచాలు.

బేగంబజార్_బాబు

ఓపిక లేనివాళ్ళకి గుడ్డులేని రాయల్ ఐసింగ్ మిక్స్ ప్యాకెట్లు కూడా వస్తాయి, ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి. బేగంబజార్‌లో బేకరీ సామాన్ల దుకాణాల్లో అడగండి. జెల్ రంగులు, నాజిల్స్, లిక్విడ్ గ్లూకోజ్, ఓహెచ్‌పీ షీట్లు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు) అన్నీ ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. పొద్దున పదకొండు తర్వాత వెళ్ళండి, బండి మాత్రం లోపలికి తేవద్దు, నా మాట వినండి.

నీళ్ళగా ఉండే రంగులు కొనకండి, ఐసింగ్ పల్చబడుతుంది. జెల్ రంగే తీసుకోండి. లేబుల్ లేకుండా పొట్లాల్లో అమ్మే రంగు ఎంత చవకైనా వద్దు. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, డబ్బా మీద పేరు రాసి ఉంటుంది, చదివి కొనండి.

ఓటీజీ_రాణి

చక్కెర సంగతి కూడా చెప్పాలి. మిక్సీలో పట్టిన పంచదారతో అక్షరాలు రాయలేరు, కంటికి కనిపించని రవ్వ ఉండిపోయి సరిగ్గా వొత్తు తిప్పేటప్పుడే నాజిల్‌కి అడ్డుపడుతుంది. కొన్న ఐసింగ్ షుగర్‌నైనా పల్చటి బట్టలో జల్లించాల్సిందే.

మణికొండ_డాడ్

ఇంత కష్టం ఎందుకండీ, ఇంగ్లీషులో రాసేయండి. ఎస్ ఏ ఎన్ వి ఐ, ఐదక్షరాలు, ఐదు నిమిషాలు. ఈ రోజుల్లో పిల్లలు తెలుగు ఎక్కడ చదువుతున్నారు?

దిల్‌సుఖ్‌నగర్_టీచర్

చదువుతున్నారు సార్. 2018లో చట్టం వచ్చింది, తెలంగాణలో అన్ని బోర్డుల బడుల్లో ఒకటి నుంచి పదో తరగతి దాకా దశలవారీగా తెలుగు తప్పనిసరి. నేను ఒకటో తరగతికే చెబుతాను. జూన్ మొదటి వారాల్లో పిల్లవాడికి అఆలు ఇంకా రావు, కానీ తన పేరులో అక్షరం ఒకటి గోడ మీద చార్టులో కనిపిస్తే పరిగెత్తుకుంటూ వచ్చి 'టీచర్, ఇది నాది' అంటాడు. ఇంటిపేరు, ఇనిషియల్ లాంటివి ఏవీ వద్దు, ఇంట్లో పిలిచే పేరూ వద్దు. హాజరుపట్టీలో ఉన్న పేరే రాయండి, క్లాసులో పిలిచేది అదే.

అయితే నీలుగారూ, ముందు క్లాస్ టీచర్‌ని అడిగారా? చాలా బడుల్లో ఇప్పుడు తీపి పంచనివ్వడం లేదు.

ఉప్పల్_ఉష

అవును, బడికి 50 మీటర్ల లోపల కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి ఉండకూడదని రూల్ ఉంది.

ఫుడ్‌టెక్_తార్నాక

ఆ రూల్ అమ్మకం గురించి. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం అలాంటివి బడిలో గానీ గేటుకి 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదు. ఒక తల్లి ఇంట్లో చేసి ఇచ్చే బహుమతి దాని కిందకి రాదు. కానీ బడికి తన సొంత నియమం ఉండొచ్చు. సీబీఎస్ఈ 2025 మేలో బడుల్లో 'షుగర్ బోర్డులు' పెట్టి దేనిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి చూపించమంది. ఆ బోర్డు పక్కనే నిలబడి చక్కెర పలకలు పంచితే బాగుండదు కదా, టీచర్‌ని అడగడమే మర్యాద.

నిజాంపేట_నీలు

అడిగాను. క్లాసులో తినకూడదు, ఇంటికెళ్ళేటప్పుడు బ్యాగులో పెట్టి పంపిస్తామన్నారు. ఒక్కోటి విడిగా ప్యాక్ చేసి, ఏమేం వేశామో చీటీ అంటించమన్నారు. అది నాకు నచ్చింది.

పళ్ళడాక్టర్_ఈసీఐఎల్

నేను పంచొద్దు అనను. లెక్క మాత్రం చెబుతాను. 2 నుంచి 18 ఏళ్ళ పిల్లలు రోజుకి విడిగా కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. పెద్ద కుకీ మీద అంచు నుంచి అంచు దాకా ఐసింగ్ పోస్తే ఒక్క ఐసింగ్‌లోనే దగ్గర దగ్గర 15 గ్రాముల చక్కెర ఉంటుంది, కుకీలో ఉన్నది కాక. పేరు మాత్రమే రాస్తే మూడు నాలుగు గ్రాములతో పోతుంది. అందుకని మాలతిగారి కోకో పలకకే నా ఓటు. కొరికి తినే తీపి కంటే బుగ్గన పెట్టుకుని చప్పరించే తీపి పళ్ళకి ఎక్కువ చేటు, ఐసింగ్ గట్టిగా ఉంటే పిల్లలు చేసేది అదే. తిన్నాక పుక్కిలించమని చీటీ మీద ఒక ముక్క రాస్తే సంతోషిస్తాను.

గుణింతం_మాస్టారు

రిటైరయ్యేదాకా తెలుగే చెప్పాను, బేకింగ్ నాకు తెలియదు. రాత గురించి మాట్లాడతాను.

తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. నడుమ అక్షరం. కింద వొత్తు, క్రావడి, వట్రుసుడి. ఇంగ్లీషు పేరు కోసం చేసిన అడ్డపట్టీ ఆకారంలో 'విఘ్నేశ్' పట్టదు, వొత్తుకి చోటు లేక ఘ పొట్టలోకి పోతుంది. మీరు పలకని నిలువుగా కాకుండా అడ్డంగా వాడినా ఎత్తు 7 సెంటీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. అక్షరాన్ని సరిగ్గా నడిమధ్య కాకుండా కొంచెం పైకి పెట్టండి, కింద ఎక్కువ చోటు వదలండి. మన వొత్తులు దాదాపు సగం అక్షరమంత ఉంటాయి, వాటిని చీమంత చేస్తే ఐసింగ్‌లో నిలవవు.

వరుస కూడా ముఖ్యం. పలక మీద నేర్పేటప్పుడు ఏ వరుసో ఇక్కడా అదే. పేరంతా ముందు వొత్తులు లేకుండా రాయండి: శీనిధి. అది ఆరనివ్వండి. ఆ తర్వాత శ కింద క్రావడి చుట్టండి. ఆరిన గీతకి తడి గీత తగిలినా కలవదు, పక్కన నిలబడుతుంది. ధ, థ జాగ్రత్త. థలో లోపల చుక్క ఉంటుంది, ఐసింగ్ వ్యాపిస్తే చుక్క మూసుకుపోయి పార్థుడు కాస్తా వేరే పేరువాడవుతాడు. ప, ష కూడా అంతే. పొల్లు మర్చిపోకండి, 'ప్రణవ్'కి పొల్లు పెట్టకపోతే 'ప్రణవ' అయిపోతుంది, పిల్లవాడు ఊరుకోడు.

నిజాంపేట_నీలు

మాస్టారూ, వొత్తు తర్వాత రాయమన్న ఒక్క మాటతో నా సగం టెన్షన్ పోయింది. ఇప్పుడే బటర్ పేపర్ మీద ప్రయత్నించాను, శ్రీ విడివిడిగా నిలబడింది.

బహదూర్‌పురా_మెహందీ

మాస్టారు సాబ్ వరుస చెప్పారు, నేను చెయ్యి చెబుతాను. నేను పెళ్ళిళ్ళలో మెహందీ పెడతాను, అరచేతిలో పెళ్ళికొడుకు పేరు తెలుగులో రాయమని చాలామంది అడుగుతారు. అదే కోన్, అదే చెయ్యి. నాజిల్ కూడా అక్కర్లేదు, సెల్లోఫేన్ షీటుతో మెహందీ కోన్ చుట్టినట్టే చుట్టి ఐసింగ్ నింపి, కొసని సూదంత కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే మళ్ళీ చిన్నది చేయలేరు, కాబట్టి ముందు పేపర్ మీద గీసి చూసుకుని ఇంకాస్త కత్తిరించండి.

చాలామంది కోన్‌ని పెన్సిల్‌లా ఆనించి రాస్తారు. అలా రాస్తే గీత తెగుతుంది, వెడల్పవుతుంది. కోన్ కొస బిస్కెట్‌కి తగలకూడదు. మొదలుపెట్టే చోట ఆనించి, నొక్కుతూ ఒక సెంటీమీటరు పైకి లేపాలి, ఐసింగ్ దారంలా వేలాడుతుంది. ఆ దారాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో చెయ్యి అటు నడవాలి, దారం దానంతట అదే గుండ్రంగా పడుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రమే కదా, ఇంగ్లీషు కేపిటల్స్ కంటే ఇవే సులువు, నిజంగా చెబుతున్నా. ఆపే చోట నొక్కడం ముందు ఆపి, అప్పుడు కొసని కిందకి దించి తాకించాలి. లేకపోతే తోక లేస్తుంది. ఎడమచేతి వేలితో కుడి మణికట్టుకి ఆసరా ఇవ్వండి.

నాజిల్‌తోనే చేస్తానంటే అక్షరానికి రెండో నంబరు, వొత్తుకి ఒకటో నంబరు.

కొత్తపేట_కుర్రాడు

అక్కా, దారం టెక్నిక్ ఇప్పుడే టూత్‌పేస్ట్‌తో బల్ల మీద ట్రై చేశా. పని చేసింది. మా అమ్మ తిడుతోంది.

ఓటీజీ_రాణి

ఐసింగ్ చిక్కదనం కూడా దీనికి తగ్గట్టు ఉండాలి. అక్షరాలకి, గరిటె ఎత్తితే కొస నిలబడి కాస్త వంగాలి. పరిచి పోసే ఐసింగ్ అయితే చాకుతో గీత గీస్తే పదిహేను, ఇరవై లెక్కపెట్టేలోపు ఆ గీత కలిసిపోవాలి. నీలు 'శ్రీ' ముద్దయిందంటే పోసే ఐసింగ్‌తోనే రాస్తోందని నా అనుమానం. కోన్లు వాడనప్పుడు కొసని తడిబట్టలో గుచ్చి ఉంచాలి, ఏసీ గదిలో నిమిషాల్లో గట్టిపడిపోతుంది.

బేక్స్_బోడుప్పల్

నేను ఆర్డర్ల మీద చేస్తాను. ముప్పై పైన పేర్లుంటే నేరుగా కుకీ మీద రాయడం రిస్క్. ఒక్క పేరు తప్పితే ఒక కుకీ పోతుంది. నా పద్ధతి ఓహెచ్‌పీ షీట్. కంప్యూటర్‌లో పేర్లన్నీ మంచి ఫాంట్‌లో ప్రింట్ తీసి, పైన షీట్ పరిచి, వెజిటబుల్ షార్టెనింగ్ (వనస్పతి లాంటిది) అతి పల్చగా రాసి, కింద కనిపించే పేరు మీదే ఐసింగ్ దించడం. ఒక రోజంతా ఆరాక షీటుని బల్ల అంచు మీద నుంచి కిందకి వంచితే పేరు ఊడివస్తుంది. వారం ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు.

బహదూర్‌పురా_మెహందీ

ఇంగ్లీషులో కలిపిరాత అయితే సరే. తెలుగులో వొత్తు, పొల్లు, సున్న, అన్నీ విడి విడి ముక్కలు. ఊడదీస్తే 'ప్రణవ్' ఐదారు ముక్కలై చేతికొస్తాడు.

బేక్స్_బోడుప్పల్

అందుకే నేను నేరుగా అక్షరాలు కాకుండా ముందు చిన్న నేమ్‌ప్లేట్ పోస్తాను, అది ఆరాక దాని మీద పేరు. ప్లేట్‌తో సహా ఊడివస్తుంది, ముక్కలు కాదు.

మైదా_మాలతి

అంటే మళ్ళీ తడి మీద తడి, మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ అదనపు చక్కెర. కోకో పలక మీద తెల్ల గీత నేరుగా పడితే వచ్చే అందం నేమ్‌ప్లేట్‌కి రాదు. తప్పు పోతే ఆరనిచ్చి టూత్‌పిక్‌తో గీకేస్తే ఊడుతుంది, కోకో రంగు మరక దాచేస్తుంది. పది కుకీలు ఎక్కువ కాల్చుకుంటే చాలు.

మణికొండ_డాడ్

ప్రింట్ తీసి కింద పెట్టే ఐడియా నేరుగా రాసేవాళ్ళకి కూడా పనికొస్తుంది. టిష్యూ పేపర్ మీద పేరు ట్రేస్ చేసి, కుకీ మీద పరిచి, ఫుడ్ కలర్ పెన్‌తో పైనుంచి గీస్తే సన్న చుక్కలు కిందకి దిగుతాయి. మొన్న తేలిగ్గా మాట్లాడాను గానీ మాస్టారి పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను, వాడి పేరులో వొత్తు ఏదో వాడే చెప్పాడు.

బేగంబజార్_బాబు

నల్ల కుకీ మీద పెన్ను గీత కనిపించదు కదా అన్నా. పిన్నుతో చిన్న చిన్న చుక్కలు గుచ్చుకోవచ్చు, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు.

సీతాఫల్‌మండి_సీత

పేరు పైన చిన్నగా 'ఓం' రాస్తే? బాసరలో మా బాబు అక్షరాభ్యాసం చేసినప్పుడు పలక మీద మొదట రాయించింది అదే. బడి మొదటి రోజుకి శుభం.

అత్తాపూర్_అత్త

దేవుడి అక్షరం కొరికి తినడం నాకు మనసొప్పదమ్మా. ముక్క కింద పడితే తొక్కుతారు కూడా.

గుణింతం_మాస్టారు

క్లాసులో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉంటారు. 'ఓం' బదులు పైన మూలన 'అ ఆ' రాయండి, అందరిదీను. ఇబ్రహీం, జోయల్ అని పేర్లున్నా తెలుగులో అంతే అందంగా వస్తాయి, ఇబ్రహీంలో సున్నని మాత్రం కాస్త పెద్దది పెట్టండి.

ఉప్పల్_ఉష

మా ఏరియాలో ఒక హోమ్ బేకర్ దగ్గర నిరుడు పేర్లతో ఆర్డరిచ్చాం. ఆరకముందే కవర్లలో వేసి సీల్ చేశారు, అక్షరాలన్నీ కవర్‌కి అంటుకుని వచ్చాయి. డబ్బు గురించి కాదు, పాప తన పేరు వెతుక్కుని ఏడ్చింది.

బేక్స్_బోడుప్పల్

చాలా బాధ కలిగించే విషయం ఉషగారూ. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తేమ ఉంటుంది, కవర్‌లో వేశాక అది ఎటూ పోలేక మళ్ళీ పైకి వస్తుంది. పూర్తిగా ఐసింగ్ పోసిన కుకీ అయితే ఈ వానల్లో నేను ఒక రోజు మొత్తం ఆగుతాను. అక్షరాలు మాత్రమే అయితే రాత్రి రాసి పొద్దున ప్యాక్ చేయొచ్చు. పరీక్ష ఏంటంటే, గోరుతో గీకితే పొడి రాలాలి, జిగురు రాకూడదు. నీలుగారికి: 9న పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, 10 పొద్దున కాల్చండి, 10 సాయంత్రం అక్షరాలు, రాత్రి వొత్తులు, 11 మధ్యాహ్నం ప్యాకింగ్. 11 రాత్రికి ఏ పనీ మిగల్చుకోకండి, ఆ రాత్రి పాప పుస్తకాలకి అట్టలు వేయడం, లేబుల్స్ అంటించడం ఎలాగూ ఉంటాయి.

చీటీ మీద మైదా, పాలు, సోయా ఉంటే సోయా, అన్నీ రాయండి. వేరుశెనగ, జీడిపప్పు తగిలిన గిన్నెలు వాడకండి.

నిజాంపేట_నీలు

రేపు బడి. ఇప్పుడే ప్యాకింగ్ అయింది. కోకో పలక, సగం బ్లాక్ కోకో, వెనిలా పట్టీలతో ఫ్రేము, సెనగల నీళ్ళ ఐసింగ్. అక్షరాలు నిన్న సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టాను, వొత్తులు తొమ్మిది తర్వాత. మా ఆయన లిస్టు చదువుతుంటే నేను రాశాను, మా అత్తగారు పక్కన కూర్చుని ఒక్కో పేరూ సరిచూశారు, 'రిత్విక్'లో త కింద వ వొత్తు బదులు య వొత్తు పడబోతే ఆవిడే ఆపారు. ఘ కింద న వొత్తు ఎంత చక్కగా కుదిరిందో! ఘ మూడు వంపులూ విడిగా ఉన్నాయి, కింద వొత్తు తోక తిరిగి పైకి చూస్తోంది. కవర్‌లో నుంచి కూడా చదవొచ్చు. ఆయమ్మ పేరు యాదమ్మ, ఆవిడది అన్నిటికంటే పెద్దగా రాశాను.

దిల్‌సుఖ్‌నగర్_టీచర్

ఆయమ్మని గుర్తుపెట్టుకున్నందుకు మీకు దండం.

కూకట్‌పల్లి_కిచెన్

సెనగల ఐసింగ్ ఆరడానికి ఎంత టైం పట్టింది? నేను ఆగస్టు 15కి మూడు రంగుల్లో చేద్దామనుకుంటున్నాను, అప్పుడు ఇంకా ముసురు ఉంటుంది.

నిజాంపేట_నీలు

ఏసీ 24, ఫ్యాన్ రెండో స్పీడు, అక్షరాలు రెండున్నర గంటలు. వొత్తులు రాత్రంతా వదిలేశాను.

ఓటీజీ_రాణి

మూడు రంగులు పక్కపక్కన పోస్తే పాకుతాయి. తెలుపు ముందు పోసి పూర్తిగా ఆరనివ్వు, ఆ తర్వాత కాషాయం, అది ఆరాక ఆకుపచ్చ. రంగులు ముందు రోజే కలిపి పెట్టుకో, రాత్రి గడిస్తే ఒక మెట్టు ముదురుతాయి, తక్కువ రంగుతో పని అవుతుంది. చక్రానికి ఇరవై నాలుగు ఆకులు ఐసింగ్‌తో గీయాలని చూడకు, ఫుడ్ కలర్ పెన్ను వాడు.